దొరసానికి కొబ్బరి చిప్పతో నీళ్ళు

2022వ సంవత్సరం, రోహిణి కార్తె. ఆ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. చిట్టమూరు వైపు నేను పనిచేసే పశువైద్యశాలలో రోళ్ళు లేవు కాబట్టి ఆ ఎండకు మా తలకాయలే పగిలేవి. పైన రేకుల కప్పు, కింద తిరుగుతున్నట్టు నటించే ఫ్యాను, వరండాలో నాలుకలు బయటపెట్టి రొప్పే గేదెలు. నా ఉద్యోగం పేరు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు బారెడున్నా ఊళ్ళవాళ్ళకు మాత్రం నేను గొడ్ల డాక్టరమ్మనే.

మాది సంగం. వరి పండించుకునే ఇల్లు. నేను వెటర్నరీ చదువుతానంటే మా అమ్మ సంతోషంగానే ఒప్పుకుంది, గేదెల డాక్టరంటే నలుగురిలో గౌరవమే కదా అని. ఉద్యోగంలో చేరాక ఒకసారి నా ఫోనులో పందిపిల్లను ఎత్తుకుని దిగిన ఫొటో చూసింది. ఫోను బోర్లించి పక్కన పెట్టేసింది. చివరికి, "చుట్టాల ముందర మాత్రం ఈ పందుల సంగతి ఎత్తబాక తల్లీ" అని బతిమాలుకుంది. నేను ఎత్తకుండా ఉంటానా? పంది పేరు వింటేనే మొహం చిట్లించే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. మనం పారేసిన ఎంగిలి తిని ఒక ఇంటిని నిలబెట్టే జంతువు మీద అంత చులకన ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇల్లు నిలబెట్టడం అన్న మాట ఊరికే అనడం లేదు. కామాక్షి ఇల్లు నిలబడడం నేను కళ్ళారా చూశాను. కామాక్షి పుట్టిల్లు మైపాడు. నాన్న సముద్రం మీద చేపల వేటకు పోయేవాడు, అమ్మ ఇసకలో చేపలు ఎండబెట్టి అమ్మేది. పెంచలయ్యను చేసుకుని మా మండలంలోని ఒక చిన్న ఊరికి కాపురానికొచ్చింది. ఇంటి జాగా, దాని వెనక కాస్త ఇసక నేల తప్ప వాళ్ళకు సెంటు పొలం లేదు. ఏటా కార్తీక మాసం దాటగానే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ తమిళనాడు వైపు ఇటుక బట్టీలకు పోయేవాళ్ళు. కూతురు సునీతను ఎవరి దగ్గర వదలగలరు? వెంట తీసుకుపోయేవాళ్ళు. తిరిగి వచ్చేసరికి బడిలో పాఠాలన్నీ అయిపోయేవి.

"తలుపుకేసిన తాళానికి తుప్పు పట్టేది మేడమ్మా, దాంతోపాటే పిల్ల చదువుకూ పట్టేది" అని ఒకసారి నాతో చెప్పింది.

పందుల పెంపకం మీద మేం పెట్టిన శిక్షణకు వచ్చి మొదటి వరసలో కూర్చున్నది కామాక్షి ఒక్కతే. మిగతావాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని వెనక వరసల్లో తలలు దించుకుని కూర్చున్నారు. ఆమె మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేసి నన్ను తినేసింది. శిక్షణ అయ్యాక రెండు ఆడవి, ఒకటి మగది, తెల్ల యార్క్‌షైర్ జాతి పిల్లలను తెచ్చుకుంది. వీటినే మనవాళ్ళు సీమ పందులంటారు. అవి ఊరి మీద తిరగవు, కొట్టంలోనే ఉండి పెట్టింది తింటాయి. గేదె ఏడాదికి ఒక దూడను ఇస్తే గొప్ప. పంది ఏడాదికి రెండు సార్లు ఈనుతుంది, ఈనిన ప్రతిసారీ కొట్టం నిండా పిల్లలే. హైవే మీది హోటళ్ళ ఎంగిలి, మిల్లు తవుడు, కూరగాయల తుక్కు, ఏది పెట్టినా వద్దనదు. పొలం లేనివాళ్ళకు ఇంతకంటే నమ్మకమైన చుట్టం లేదని నేను ఎవరి ముందరైనా అంటాను.

ఆడపందుల్లో పెద్దదానికి కామాక్షి దొరసాని అని పేరు పెట్టింది. తెల్లగా ఉంటుంది, ఎవరి మాటా వినదు, అందుకని. దొరసాని రెండు ఈతలకే ఆ ఇంట్లో బట్టీ మాట ఆగిపోయింది. రెండేళ్ళు వాళ్ళు ఊరు కదల్లేదు. సునీత పదో తరగతి పరీక్షలు తన ఊరి బడి నుంచే రాసింది. ఇంటర్లో చేర్పించాలని కామాక్షి పట్టుదల. ఆ రోహిణి కార్తెలో దొరసాని మళ్ళీ చూలుతో ఉంది.

ఒకరోజు పొద్దున్నే ఆమె ఫోను చేసింది.

"మేడమ్మా, దొరసాని గోడకు తల పెట్టి తోస్తా ఉండాది. పక్కకు లాగినా మళ్ళీ పోయి ఆ గోడనే తోస్తుండాది. పిలిస్తే పలకదు. కళ్ళు కనపడతా ఉన్నట్టు లేదు."

దీన్ని మేం హెడ్ ప్రెస్సింగ్ అంటాం. మెదడుకు ఏదో అయిందని చెప్పే గుర్తు. పెట్టె సర్దుకుని స్కూటరెక్కాను.

నేను వెళ్ళేసరికి కొట్టం చుట్టూ ఊరు ఊరంతా ఉంది. ముందర మస్తానయ్య. ఆ ఊరికి ఆయన పెద్దమనిషి, మాట పట్టింపు ఉన్నవాడు. ఆయన మనవరాలు జ్వరంతో నెల్లూరు ఆసుపత్రిలో ఉందని అప్పుడే తెలిసింది.

"డాక్టరమ్మా, పందుల వల్ల పిల్లకాయలకు మెదడువాపు వస్తాదని టీవీలో చూసినాం" అన్నాడు ఆయన. "మా పాప జ్వరంతో కళ్ళు తెరవకండా ఉండాది. ఈడ చూస్తే పందులు పిచ్చెత్తినట్టు గోడలు గుద్దుతుండాయి. ఇంకేం కావాల? ఇయ్యాళే వీటిని ఊరు దాటించెయ్యాల."

ఆయన్ను కసిరేయాలని నోటిదాకా వచ్చింది. కానీ మనవరాలిని ఆసుపత్రిలో పెట్టుకున్న తాతను ఏమని కసురుతాం? పైగా ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మెదడువాపు క్రిమి పందుల ఒంట్లో పెరుగుతుంది, దోమల ద్వారా మనుషులకు చేరుతుంది. కాకపోతే ఆ జబ్బుతో పెద్ద పందులు ఇలా గోడలు గుద్దడం చాలా అరుదు. ముందు చూడనివ్వమని చెప్పి కొట్టంలోకి దిగాను.

దొరసాని గోడ వదలడం లేదు. రెండో ఆడపంది గిరగిరా ఒకే వైపుకు తిరుగుతోంది. మగపంది కుక్క కూర్చున్నట్టు వెనక కాళ్ళ మీద చతికిలబడింది. ఒక ఎదుగుతున్న పిల్ల ముట్టె పైకెత్తి, వెనక్కి వెనక్కి నడిచి, దభీమని పడి కాళ్ళు కొట్టుకుంటోంది. అన్నిటికీ థర్మామీటరు పెట్టాను. ఒక్కదానికీ జ్వరం లేదు. స్వైన్ ఫీవర్ అని పందులకు వచ్చే మహమ్మారి ఒకటుంది. అదైతే ఒళ్ళు పెనంలా కాలాలి, చెవులు కమిలి ఊదారంగుకు తిరగాలి. ఇక్కడ చెవులు గులాబీ రంగులో నిక్షేపంగా ఉన్నాయి. జ్వరం లేదు, మెదడు మాత్రం చెడింది. అంటే లోపలికి ఏదో పోయి ఉండాలి.

"ఏం పెడుతున్నావ్ వీటికి?"

"ఎప్పుడూ పెట్టేదే. తవుడు, హోటలు అన్నం. మొన్న మా అమ్మ మైపాడు నుంచి ఎండుచేపల తుక్కు ఒక గోతాం పంపించింది. అది కలిపి పెట్టినా."

నా చెవులు నిక్కాయి. "ఉప్పు చేపలా?"

కామాక్షికి కోపమొచ్చింది. "చేపలోళ్ళ ఇంట పుట్టినదాన్ని, నాకు తెలవదా మేడమ్మా? ఉప్పు చేపను నానెయ్యకుండా ఎవురన్నా వండుతారా? మనుషులకెట్ల చేస్తామో వీటికీ అట్టనే రెండు తూర్లు నానేసి, పిండి, ఉప్పంతా పోగొట్టే పెట్టినా."

ఆమె చెప్పింది నిజమే. కొట్టం మూల ఆరబోసిన తుక్కులో ఒక ముక్క కొరికి చూశాను, చప్పగా ఉంది. నేను వేసుకున్న లెక్క తప్పినట్టే అనిపించింది. మరి నీళ్ళో అని అడిగితే, వీధి బోరు మోటారు కాలిపోయిందనీ, బాగు చేసేవాడు ఇంకా రాలేదనీ, ట్యాంకరు దగ్గర పట్టుకున్న నీళ్ళు ఇంట్లోకే చాలడం లేదనీ చెప్పింది.

"అయితే పందులు ఏం తాగుతున్నాయి?"

"కుడితి తాగుతుండాయి కదా."

కొట్టం పక్కన సిమెంటు తొట్టి ఉంది. బియ్యం కడుగు, గంజి, గిన్నెలు తొలిచిన నీళ్ళు అన్నీ అందులోకే. మన వైపు ఏ ఇంట్లోనైనా అంతే కదా, కడుగునీళ్ళు కాలవలో పోస్తే అత్తగారు ఊరుకోదు. ఆ తొట్టి చూస్తుంటే నాకు ఒక అనుమానం వచ్చింది.

"కామాక్షీ, చేపలు నానేసిన నీళ్ళు ఏం చేశావ్?"

ఆమె నన్ను వింతగా చూసింది. "కుడితిలో పోసినా. నీళ్ళకు ఇంత కరువైతే పారబోసేదానికి మనసెట్ల వస్తాది?"

తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. పైన గంజి వాసన, లోపల సముద్రం. కామాక్షి కూడా దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది. ఆ తర్వాత ఆమె ముఖం చూడలేకపోయాను. ఉప్పంతా జాగ్రత్తగా చేపల్లోంచి తీసి, జాగ్రత్తగా పందులకు తాగించింది. అవి దాహానికి అదే తాగాయి, తాగినకొద్దీ దాహం పెరిగి ఇంకా తాగాయి.

దీన్ని సాల్ట్ పాయిజనింగ్ అంటారు. ఒంట్లో ఉప్పు పేరుకుపోవడం, మంచినీళ్ళు అందకపోవడం, రెండూ కలిస్తే వచ్చే జబ్బు. దీనికి మందు మంచినీళ్ళే, కానీ చిక్కంతా అక్కడే ఉంది. మెదడులో ఉప్పు నిండి ఉన్నప్పుడు కడుపు నిండా నీళ్ళు ఇస్తే, అటుకుల్లో నీళ్ళు పోసినట్టు మెదడు ఒక్కసారిగా ఉబ్బుతుంది. దప్పికతో చచ్చే జీవం నీళ్ళు తాగి చస్తుంది. కాబట్టి కొంచెం కొంచెంగా, ఆగి ఆగి ఇవ్వాలి. అంతవరకు అవి ఎంత అరిచినా మనసు రాయి చేసుకోవాలి.

ఇదంతా మస్తానయ్యకు చెప్పాను. "ఇది అంటురోగం కాదు. రేపు సాయంత్రం దాకా గడువివ్వండి. ఉత్త నీళ్ళతో ఇవి తేరుకుంటే నా మాట నిజం. తేరుకోకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం."

ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "సరే. రేపు పొద్దుగుంకే దాకా. ఆ తర్వాత నా మాటకు అడ్డం రాబాకండి" అని, అక్కడే వేపచెట్టు కింద మంచం వేయించుకుని కూర్చున్నాడు, ఎవరూ మోసం చేయకుండా కాపలా అన్నట్టు.

ఫిట్స్ వస్తున్న పందిపిల్లకు మత్తు ఇంజక్షన్ ఇచ్చాను. కామాక్షి తొట్టిలోని కుడితి అంతా తోడి దూరంగా పారబోసింది. ఇంట్లో ఉన్న మంచినీళ్ళ బిందె తెచ్చింది. కొలత దేనితో అని వెతుకుతుంటే పొయ్యి దగ్గర ఎండిన కొబ్బరి చిప్ప కనపడింది. ఒక్కోదానికి చిప్పెడు, మళ్ళీ కాసేపు ఆగి ఇంకో చిప్పెడు, అని చెప్పాను.

చెప్పడం తేలిక. చిప్ప ఖాళీ అవగానే ఆ పందులు పెట్టిన కేకలు వింటే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. బిందె కనిపిస్తోంది, నీళ్ళు అందడం లేదు. చూడవచ్చిన ఆడవాళ్ళు నన్ను తిట్టారు, "నోరు లేని జీవాలకు గుక్కెడు నీళ్ళియ్యనీదు, ఏం డాక్టరమ్మో" అని. నిజం చెప్పాలంటే నాకూ ఏడుపొచ్చింది, కాకపోతే నా ఏడుపు కోపంలాగా బయటికొస్తుంది. వాళ్ళ మీద గట్టిగా అరిచాను.

మధ్యాహ్నం కామాక్షి ట్యాంకరు కోసం రోడ్డు మీదికి పోయింది. నేను చెట్టు కింద సిరంజిలు సర్దుకుంటున్నాను. పెంచలయ్య మెత్తని మనిషి. ఆ మగపందిని పిల్లప్పుడు గుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చినవాడు. అది గొంతు చించుకుంటుంటే తట్టుకోలేక మిగిలిన బిందె నీళ్ళు బకెట్లో పోసి దాని ముందర పెట్టాడు. నేను తిరిగి చూసేసరికి అది బకెట్ అడుగు నాకుతోంది. కొంచెంసేపు హాయిగా నిలబడింది కూడా. "చూడండి మేడమ్, లేసినాది" అని పెంచలయ్య నవ్వాడు. ఆ నవ్వు ముగియకముందే మెడ వెనక్కి విరుచుకుని పడింది. నా దగ్గరున్న ఇంజక్షన్లేవీ పనిచేయలేదు. అందరి కళ్ళ ముందరే చచ్చిపోయింది.

నీళ్ళ బిందెతో కామాక్షి వచ్చింది. చచ్చిన పందిని చూసింది, ఖాళీ బకెట్ చూసింది, తల పట్టుకుని కూలబడ్డ మొగుణ్ణి చూసింది. ఊరంతా ఆమె ఏమంటుందోనని చూస్తోంది. ఆమె బిందె దించి, కొబ్బరి చిప్ప తీసుకుని మొగుడి చేతిలోనే పెట్టింది.

"లే. దొరసానికి నువ్వే పొయ్యాల. చిప్పకు మించి ఒక్క చుక్క పొయ్యబాక. ఏడ్చేది తర్వాత ఏడుద్దాం. నేను మళ్ళీ బట్టీకి పోయేదాన్ని కాదు."

పెంచలయ్య లేచాడు. బిందెలో చిప్ప ముంచాడు.

మస్తానయ్య మంచం మీది నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. దగ్గరికి వచ్చి పడి ఉన్న పందిని చూసి, "నీళ్ళు తాగి చచ్చినాదంటే ఇది నీళ్ళ జబ్బే. అంటురోగమైతే నీళ్ళతో పనేముండాది" అన్నాడు, నాతో కాదు, తనలో తాను. తర్వాత ఇంటి వైపు తిరిగి, "మన ఇంటి బోరు నీళ్ళు రెండు బిందెలు పంపియ్యండి" అని కేకేశాడు. ఆ పొద్దంతా ఆయన మంచం వదల్లేదు. కాకపోతే కాపలా దిశ మారింది. జాలిపడి ఎవరైనా చెంబు పట్టుకుని దడి దగ్గరికి వస్తే, "ఏయ్, చిప్పకు మించి పొయ్యబాకమని డాక్టరమ్మ చెప్పలా? చెవుడా?" అని నాకంటే గట్టిగా అరిచేవాడు. ఇంతసేపూ నా నోటికి జడిసినవాళ్ళు ఇప్పుడు ఆయన నోటికి జడిశారు.

ఫిట్స్ వచ్చిన పందిపిల్ల దక్కలేదు. సాయంత్రానికి రెండో ఆడపంది తిరగడం మానేసి, తేరుకున్నట్టు పడుకుంది. దొరసాని మాత్రం గోడను వదల్లేదు. మొగుడూ పెళ్ళాలు వంతులేసుకుని చిప్పతో పోస్తూనే ఉన్నారు. నేను ఇంటికి పోయానే గానీ అన్నం సయించలేదు. మా అమ్మ ఫోనులో ఏమైందని అడిగితే, పందికి బాగాలేదని చెప్పాను. "నీళ్ళు తాగుతుండాదా?" అని అడిగింది. మా అమ్మ పంది గురించి మంచిగా అడిగిన మొదటి మాట అది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి దొరసాని కొట్టం మధ్యలో నిలబడి ఉంది. చెయ్యి అడ్డం పెడితే కళ్ళు ఆర్పింది. కామాక్షి చిప్ప పట్టుకుని అటు నడిస్తే అటు తల తిప్పింది, ఇటు నడిస్తే ఇటు తిప్పింది. చూపు వచ్చింది. కామాక్షి అప్పుడు ఏడ్చింది, దాని మెడ మీద పడి, ముందు రోజు దాచిపెట్టుకున్నదంతా కలిపి. నేను వేరే వైపుకు తిరిగి స్టెతస్కోపు తుడుచుకుంటూ నిలబడ్డాను.

పొద్దుగుంకేలోపే మస్తానయ్య వచ్చి చూశాడు. మాట నిలబెట్టుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు, కొట్టం ఇళ్ళకు దూరంగా సరుగుడు తోట అవతలికి మార్చాలని, చుట్టూ దోమతెర కట్టాలని. అది న్యాయమైన మాట. నేనూ అదే చెప్పాలనుకున్నాను, కామాక్షీ ఒప్పుకుంది. ఆయన మనవరాలికి వచ్చింది టైఫాయిడ్. నాలుగు రోజులు పోయాక ఇంటికొచ్చింది. చచ్చిన పంది మెదడు ముక్కను ల్యాబ్‌కు పంపితే, ఉప్పు వల్లనే అని రాసి పంపారు. శ్రావణంలో దొరసాని ఈనింది. రెండు పిల్లలు చచ్చి పుట్టాయి. మిగిలినవి మాత్రం తల్లి పొదుగు దగ్గర కుమ్ములాడుకునే గట్టివి.

గొడ్లకు ఏమైనా అయితే ఏం పెట్టావని అడగమనే కాలేజీలో నేర్పారు. ఆ ఇంటి తర్వాత నేను ఇంకొకటి కూడా అడుగుతున్నాను, ఏం పారబోయలేదు అని. లేని ఇంట్లో ఏదీ వృథా పోదు. కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, నానేసిన ఉప్పు, అన్నీ ఎక్కడో ఒకచోట చేరతాయి. కామాక్షి చేసింది నిర్లక్ష్యం కాదు, అతి జాగ్రత్త. ఆ జాగ్రత్తే ఆమెను ముంచబోయింది, ఆ జాగ్రత్తే చిప్ప చిప్పగా గట్టెక్కించింది. పొదుపు తెలిసిన మనిషికి ఏది దాచాలో చెప్పనక్కరలేదు, ఏది పారబోయాలో చెబితే చాలు.

ఆ ఏడు కార్తీకంలో పందిపిల్లలకు టీకాలు వేయడానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. సునీత అప్పటికి ఇంటర్లో చేరి ఉంది. అరుగు మీద బట్టీ మేస్త్రీ కూర్చుని ఉన్నాడు, చొక్కా జేబులో అడ్వాన్సుతో. "ఏం కామాక్షీ, ఈ ఏడన్నా వస్తుండారా?" అని అడిగాడు.

కామాక్షి లోపలికి పోయి చెంబు బదులు ఆ కొబ్బరి చిప్పతోనే నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగేసి ఇంకొంచెం కావాలన్నట్టు చూశాడు. ఆమె మళ్ళీ నింపింది.

"కడుపు నిండా తాగి పో అన్నా. ఎండలో పడి వచ్చినావు" అంది. "మేం యాడికీ రాము."